సహాయము దానమా? ఋణమా?

తెలంగాణ ప్రభుత్వము 2017 జూన్ 20వ తేదీన గొఱ్ఱెల పంపిణీ పథకమును ప్రారంభించెను. ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. వెల 1,25,000 రూపాయలు. అందు 93,750 రూపాయలు ప్రభుత్వము భరించునది. తక్కిన 31,250 గొల్ల కురుమ సహకార సంఘ సభ్యుడు చెల్లింపవలసినది. నార్పోలిలో స్థిరపడిన మన కుటుంబములలో ఈ ప్రస్తావన వచ్చినపుడెల్ల, "ఊరక వచ్చిన సొమ్ము మనుష్యుని సోమరిని చేయును" అను మాట వినబడుచున్నది. ఈ మాట న్యాయమేనా యని విచారింపదలచితిమి.

మొదట మన యింటిని చూచుకొందము. మరమగ్గములకు మహారాష్ట్ర ప్రభుత్వము విద్యుత్తును రాయితీ ధరకు ఇచ్చుచున్నది. బిల్లులో తగ్గిన సొమ్మును మనము దానమనము, "రేటు" అందుము. కాపరికి వచ్చిన సహాయము కంటికి కనబడు మందయగుటచేత మనకది భిక్షగా తోచుచున్నది. తనకు వచ్చినది హక్కు, ఎదుటివానికి వచ్చినది భిక్ష యనుట ధర్మము కాదు. పైగా 2012 పశుగణనలో తెలంగాణమున 1 కోటి 28 లక్షలున్న గొఱ్ఱెలు 2019 గణనలో 1 కోటి 90 లక్షలై దేశమున ప్రథమస్థానము పొందినవి. సోమరుల చేత మంద పెరుగదు గదా!

అట్లని పుచ్చుకొనువానికి బాధ్యత లేదనరాదు. దానము ఇచ్చుటతో ముగియును. సహాయము ఉద్దేశించిన పని నెఱవేఱువఱకు ముగియదు. కనుక అది ఒకవిధమగు ఋణమే. కొందఱు వచ్చిన గొఱ్ఱెలను వెంటనే అమ్ముకొనిరి. ఇంట రోగి యుండి అమ్మినవానిని, దళారితో కలసి కాగితముమీదనే మందను త్రిప్పినవానిని ఒకే త్రాసున తూచరాదు. మొదటివాడు ఋణము తీర్పలేనివాడు, రెండవవాడు తీర్పనొల్లనివాడు.

ఇచ్చువాని ఋణము ఇంకను పెద్దది. గొఱ్ఱెలను తరలించినట్లు చూపిన బండ్ల నంబర్లలో మోటారు సైకిళ్లవి, కార్లవి కూడ నున్నట్లు ఆడిటరు జనరల్ నివేదిక బయటపెట్టెను. 2024లో అవినీతి నిరోధక శాఖవారు పశుసంవర్ధక శాఖ ఉద్యోగులు కొందఱిని అరెస్టు చేసిరి. దోషనిర్ణయము న్యాయస్థానముల పని. కాని జీవితమంతయు లెడ్జరుల ముందు గడపిన మాకు ఒకటి తెలియును: పద్దులో ఒక అంకె అబద్ధమైనచో, ఎక్కడనో ఒక పేదవాని పాలు తగ్గినదనియే అర్థము. రెండవ విడతలో యూనిట్ వెల 1,75,000 కాగా, తమ వాటా 43,750 రూపాయలు కట్టియు గొఱ్ఱెలు రాక ఎదురుచూచినవారు కలరు. అప్పుచేసి కట్టినవానికి వడ్డీ యాగునా? అట్టివానిని సోమరియని పిలుచుట ఎంత క్రూరము!

మఱియొక మాట. తెలంగాణ కురుమలు నల్లని దక్కని గొఱ్ఱె ఉన్నితో గొంగళ్లు నేయువారు, వారును నేతగాండ్రే. మాంసమునకు పేరుగన్న నెల్లూరు జాతికి ఉన్ని యుండదు. కాపరి వృత్తి నెఱుగక ఇచ్చిన మంద అతని చేతిలోని నేతపనిని నిలుపజాలదు.

ఇచ్చువాడు నిజమైన లెక్కతో, సకాలమున, వృత్తి నెఱిగి ఇయ్యవలెను. పుచ్చుకొనువాడు పనిని నిలుపవలెను. చూచువారమగు మనము, విద్యుత్ బిల్లు చేతబట్టుకొని, కాపరిని తూలనాడకుండవలెను.