వయసు – వివేకం: పశ్చిమ ప్రకాశం అనుభవం ఆధారంగా ఒక పరిశీలన

వయసు పెరిగేకొద్దీ మనిషికి వివేకం దానంతట అదే పెరుగుతుందా? మన సమాజంలో ఈ ప్రశ్నకు ఆచారం ఎప్పుడో సమాధానం చెప్పింది. ఊరి తగవులో పెద్దల మాట చెల్లుతుంది. పెళ్ళి సంబంధంలోనూ ఆస్తి పంపకంలోనూ చివరిమాట వారిదే. ఎక్కువ ఏళ్ళు బతికినవారికి ఎక్కువ తెలుస్తుందన్న నమ్మకం ఈ ఏర్పాటుకు పునాది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వయసును సూచించే తెలుగు మాటలు, మహాభారత కథలు, మార్కాపురం, గిద్దలూరు, వాటి ఇరుగుపొరుగు ప్రాంతాల ప్రజలకు రాతితోనూ నీటితోనూ ఉన్న అనుభవం ఇందుకు ప్రధాన ఆధారాలు.

మాటల సాక్ష్యం

'ముసలి', 'పెద్ద' అన్నవి తెలుగులో పర్యాయపదాలు కావు. 'ముసలి' శరీరస్థితిని చెబుతుంది. 'పెద్ద' పరిమాణాన్నీ వయసునూ స్థానాన్నీ చెప్పగలదు. ముసలితనం ఎవరి ప్రయత్నమూ లేకుండా వస్తుంది, పెద్దరికాన్ని నిలబెట్టుకోవాలి. తండ్రి పోయిన ఇంట్లో ఇరవయ్యేళ్ళ కొడుకు 'ఇంటికి పెద్ద' అవుతాడు. ఎనభయ్యేళ్ళు దాటిన వ్యక్తిని గురించి కూడా 'పెద్దరికం పోగొట్టుకున్నాడు' అని అనగలుగుతున్నాం.

సంస్కృతం నుంచి మనకు వచ్చిన వయోవృద్ధుడు, జ్ఞానవృద్ధుడు, తపోవృద్ధుడు అనే సమాసాలు ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తాయి. 'వృద్ధ' శబ్దానికి మూలమైన ధాతువుకు పెరగడం అని అర్థం. పెరిగినది ఏదో చెప్పడానికి పూర్వపదం అవసరమైంది. వయసుతోపాటు జ్ఞానం తప్పక పెరిగేదైతే ఈ విభజనకు అవసరమే ఉండేది కాదు. అలాగే తల నెరవడం వేరు, తల పండడం వేరు. పండడానికి కాలం కావాలి. అయితే కాలం గడిచినంత మాత్రాన ప్రతి కాయా పండదు. కొన్ని కొమ్మమీదే ఎండిపోతాయి. 'ఛాందస' శబ్దం నుంచి వచ్చిన 'చాదస్తం' వాడుకలో వేదాధ్యయన సంబంధాన్ని పోగొట్టుకుంది. సందర్భం మారినా తెలిసినదాన్నే పట్టుకుని వేలాడడం అనే అర్థంలో స్థిరపడింది. ఈ మాటను మనం ఎక్కువగా పెద్ద వయసువారి విషయంలోనే వాడడం గమనించదగినది. ఒకే వయసు ఒకరిని తలపండినవారిగా, మరొకరిని చాదస్తులుగా చేయగలదని భాషా వ్యవహారం గుర్తించింది.

'వివేకం' అన్న మాటకు వేరుచేసి చూడడం అని మూలార్థం. ఈ వ్యాసంలో ఆ పదాన్ని ఆ అర్థంలోనే గ్రహిస్తున్నాను. ఎక్కువ విషయాలు తెలిసి ఉండడం వివేకం కాదు. తనకు తెలిసినదాన్ని తెలియనిదాని నుంచి, తన అనుభవం సాక్ష్యం ఇవ్వగల విషయాన్ని ఇవ్వలేని విషయం నుంచి వేరుచేయగలగడం వివేకం.

కథల సాక్ష్యం

వృద్ధులను గౌరవించాలని పదేపదే చెప్పిన సంప్రదాయమే వయసును జ్ఞానానికి ప్రమాణంగా అంగీకరించలేదు. మనుస్మృతి రెండవ అధ్యాయంలో అంగిరసుని కుమారుడైన కవి, తండ్రి వరుస అయ్యే బంధువులకు చదువు చెబుతూ వారిని కుమారులారా అని సంబోధిస్తాడు. కోపించిన బంధువులు దేవతలను ఆశ్రయిస్తే, ఆ సంబోధన న్యాయమేనని తీర్పు వస్తుంది. భారత ఆరణ్యపర్వంలో జనకుని యజ్ఞశాల వాకిట ద్వారపాలకుడు బాలుడైన అష్టావక్రుణ్ణి వయసు చూపి అడ్డుకుంటాడు. లోపలికి వెళ్ళిన అష్టావక్రుడు వాదంలో వందిని ఓడిస్తాడు.

ఈ కథలు చిన్నవయసులో జ్ఞానం సాధ్యమని మాత్రమే నిరూపిస్తాయి. మన ప్రశ్నకు ఇంకా దగ్గరైనది నన్నయ ఆదిపర్వంలోని యయాతి వృత్తాంతం. వయసు అన్న ఒక్క మాటలో మనం కలిపేసే రెండు అంశాలను ఆ కథ విడదీసింది. శుక్రుని శాపంవల్ల యయాతికి ముసలితనం ఒక్కసారిగా వచ్చింది. ఆ ముసలితనం అతనికి వివేకం ఇవ్వలేదు. యౌవనం కోసం కొడుకులను యాచించేటట్లు చేసింది. పూరుని యౌవనంతో వెయ్యేళ్ళు భోగాలు అనుభవించిన తరువాత, అనుభవంతో కోరిక తీరదని అతడు గ్రహించాడు. అంటే ముదిమి నేర్పనిది అనుభవం నేర్పింది.

అయితే అనుభవం చాలునా? ధృతరాష్ట్రుని కథ చాలదంటుంది. ఉద్యోగపర్వంలో అతడు నిద్రపట్టక విదురుణ్ణి పిలిపించుకుని రాత్రంతా నీతి విన్నాడు. విన్నది సత్యమని ఒప్పుకున్నాడు. దుర్యోధనుణ్ణి చూస్తే తన బుద్ధి మళ్ళీ మారిపోతుందని కూడా తానే చెప్పాడు. వయసు, అనుభవం, హితవు చెప్పే ఆప్తుడు, తన లోపం తనకు తెలియడం అన్నీ ఉన్నాయి. వివేకం మాత్రం ఆచరణలోకి రాలేదు. తన నిర్ణయాల ఫలితాన్ని మొదట ఇతరులే మోసేటట్లు చేసే అధికారం అతనికి ఉంది. ఆ ఫలితం అతని దాకా వచ్చేసరికి కొడుకులు దాదాపు అందరూ పోయారు.

పాశ్చాత్య ఆలోచనలోనూ ఈ ద్వైధం ఉంది. యువకులు గణితంలో నిష్ణాతులు కాగలరు గాని, వ్యవహార వివేకానికి విశేషాల అనుభవం కావాలి గనుక అది వారిలో అరుదని అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో అన్నాడు. అలంకారశాస్త్రంలో మాత్రం వృద్ధులు పలుమార్లు మోసపోయినందువల్ల శంకాళువులుగా, పిరికివారుగా మారతారని వర్ణించాడు. ఒకే అనుభవం చూపునూ ఇవ్వగలదు, జంకునూ ఇవ్వగలదు. ఆధునిక కాలంలో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పాల్ బాల్టెస్ బృందం, జీవితంలోని చిక్కు పరిస్థితులను చెప్పి వాటిపై మనుషులు ఆలోచించే తీరును అంచనా వేసింది. సుమారు 20 నుంచి 75 ఏళ్ళ మధ్యవారిలో వయసుతోపాటు వివేకం పెరిగిన దాఖలా వారికి కనిపించలేదు. 2010లో ఈగోర్ గ్రాస్‌మన్ బృందం సామాజిక సంఘర్షణల గురించిన ఆలోచనలో, ఎదుటివారి దృక్కోణాన్ని గుర్తించడంలో వృద్ధులు ముందున్నారని తేల్చింది. ఈ రెండు ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టివేయవు. వయసు కొన్ని విషయాల్లో నేర్పుతుంది, కొన్నింటిలో నేర్పదు. ఎక్కడ నేర్పుతుంది, ఎక్కడ నేర్పదు అన్నదే అసలు ప్రశ్న. దీనికి సమాధానం వెతకడానికి పశ్చిమ ప్రకాశం మంచి క్షేత్రం.

పలక, నీరు

నల్లమలకు తూర్పున వానలు తక్కువగా పడే ప్రాంతం ఇది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి, పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు.

మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. పలకరాయి పొరలుగా చీలుతుంది. ఉలి ఎక్కడ ఆనించాలో, ఎంత బలంతో కొట్టాలో పనివాడికి ఏళ్ళ అభ్యాసంతోనే తెలుస్తుంది. ఇక్కడ వయసు నేర్పడానికి స్పష్టమైన కారణం ఉంది. దెబ్బ సరిగా పడితే పొర విడుతుంది, తప్పితే రాయి పగులుతుంది. ఫలితం వెంటనే, అనుమానానికి తావు లేకుండా, కొట్టినవాడి కళ్ళముందే తేలుతుంది. రాయికి మొగమాటం లేదు. అటువంటి పనిలో గడిచిన ఏళ్ళు నైపుణ్యంగా మారతాయి.

నీటి సంగతి దీనికి భిన్నం. ఊళ్ళో ఏ బావి మంచినీళ్ళదో ఏ బావి ఉప్పునీళ్ళదో పెద్దలు చెప్పగలరు. ఆ భేదం నాలుకకు వెంటనే తెలుస్తుంది. ఫ్లోరైడును నాలుక పట్టలేదు. దానికి రంగు, వాసన లేవు. నీటిని కాచి తాగితే మంచిదన్న అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. కాచితే ఫ్లోరైడు పోదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు అని మన ప్రమాణాలు పెట్టిన హద్దు దాటిన నీటిని ఏళ్ళతరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్ళు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది. ఈ లక్షణాలు ముసలితనపు లక్షణాలను పోలి ఉండడం ఇందులోని విషాదం. వయసు తెచ్చినదేదో నీరు తెచ్చినదేదో వేరుచేయడం కేవలం బతికిన ఏళ్ళవల్ల సాధ్యం కాదు.

దేశంలో ఈ వ్యాధి శాస్త్రీయంగా తొలిసారి నమోదైంది ఇక్కడే. 1937లో షార్ట్, ఆయన సహపరిశోధకులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచి దీన్ని వివరించారు. అంతకుముందే దర్శి ప్రాంతపు రైతులు ఎడ్లు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడాన్ని గమనించారు. ఈ క్రమం ఆలోచించదగినది. మనుషుల్లో ముసలితనంగా సరిపెట్టుకోగలిగిన లక్షణం దుక్కిటెద్దులో కనబడినప్పుడు సరిపెట్టుకోవడం కుదరలేదు. గమనించినవారు అనుభవం గల రైతులే. అయితే వారి అనుభవం ప్రశ్నను మాత్రమే ఇవ్వగలిగింది. సమాధానం పరీక్షవల్ల వచ్చింది.

ఇది జ్ఞానం లేకపోవడమే గాని వివేకం లేకపోవడం కాదని ఒక ఆక్షేపణ రావచ్చు. అది కొంతవరకు న్యాయమే. రసాయనశాస్త్రం తెలియకపోవడం ఎవరి తప్పూ కాదు. కాని 'మా తాతల నాటి నుంచి తాగుతున్న నీళ్ళే' అన్న వాదంతో పరీక్షను కాదనడం వివేకలోపమే. ఇక్కడ కాలాన్ని ప్రమాణంగా చూపుతున్నారు. ఆ కాలం పట్టివ్వలేని దోషమే ఇది. పైగా బోరు లోతు మారితే నీటి స్వభావం కూడా మారవచ్చు. కనుక తాతల నాటి నీళ్ళన్న మాట కూడా సందిగ్ధమే. దీనికి భిన్నంగా, 'ఉప్పు సంగతి నేను చెబుతాను, మిగతాది పరీక్ష చేయించండి' అన్న వృద్ధురాలు అక్షరం రాకపోయినా వివేకి.

దోషాల జాబితా

ఈ ప్రాంతంలో నీటి విషయంలో వివేకం కరువైందని దీని అర్థం కాదు. మార్కాపురం, గిద్దలూరుల నడుమ కంభం వద్ద గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్టిన చెరువు విజయనగర కాలపు నిర్మాణంగా ప్రసిద్ధం. జనశ్రుతి దాన్ని వరదరాజమ్మ పేరుతో ముడిపెట్టింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. అదే ఏడు ఆ గౌరవం పొందిన పోరుమామిళ్ళ చెరువు గిద్దలూరుకు దక్షిణంగా కడప జిల్లాలో ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని ఆ శాసనం చెబుతుంది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, దగ్గరలో రాతిగని, పనితెలిసినవారి బృందం వాటిలో ఉన్నాయి. ఆపై ఆరు దోషాలను పేర్కొంటుంది. కట్టనుంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం.

కీర్తిని చాటవలసిన శాసనంలో దోషాలకు చోటు దొరకడం విశేషం. ఇలాంటి జాబితా ఊహతో తయారయ్యేది కాదు. ఎక్కడో కట్ట ఊరింది, ఎక్కడో చవిటినేలలో శ్రమ వృథా అయింది, ఎక్కడో సరిహద్దు తగవులో చెరువు చిక్కుకుంది. వాటిని చూసినవారు విధి అని సరిపెట్టుకోక దోషమని పేరుపెట్టారు. పేరుపెట్టినందువల్ల అది ఇతరులు పరీక్షించగల విషయమైంది. వృద్ధుల అనుభవం, ముసలివాడు కానక్కరలేని ఒక యువ నిర్మాతకు అందింది. అనుభవం వివేకంగా మారే మార్గం ఇదే: తప్పును తప్పుగా గుర్తించడం, దానికి పేరుపెట్టడం, ఇతరుల పరిశీలనకు అప్పగించడం. వయసు ఈ పనికి అవకాశాలను పెంచుతుంది. పనిని తాను చేయదు.

పెద్దరికం, ప్రశ్న

పై పరిశీలన నుంచి నైతికమైన ఒక చిక్కు ఏర్పడుతుంది. తప్పుల ఫలితం మనిషి దగ్గరకు తిరిగి వచ్చిన చోటనే వయసు నేర్పుతుందనుకుంటే, పెద్దలకు మనమిచ్చే గౌరవమే కొన్నిసార్లు ఆ మార్గాన్ని మూసివేస్తుంది. పిల్ల చదువు మానిపించిన నిర్ణయం, ఇష్టంలేని సంబంధం, ఒకరికి అన్యాయం చేసిన పంపకం పలకరాయిలా వెంటనే పగిలి కనబడవు. వాటి ఫలితం నీటిలోని ఫ్లోరైడులా ఆలస్యంగా, ఎక్కువగా ఇతరుల జీవితాల్లో తేలుతుంది. బాధపడినవారు నోరు విప్పితేనే ఆ పెద్దలకు తెలుస్తుంది. 'పెద్దవారితో ఎదురుమాట వద్దు' అన్న కట్టుబాటు ఆ నోటిని మూస్తే, వారు చేసిన తప్పునే మళ్ళీ చేస్తూ, తమకు అనుభవం పెరుగుతోందని భావిస్తారు. ఇందులో పిల్లలతోపాటు ఆ పెద్దలు కూడా నష్టపోతున్నారు. ఆ వయసుకు దక్కవలసిన వివేకం వారికి అందకుండా పోతోంది.

అలాగని వివేకం లేని వృద్ధులకు గౌరవం అక్కరలేదనడం మరో దోషం. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక రాతిపలకకు బడిలో మునుపటి చోటు లేదు. ఏళ్ళ తరబడి సంపాదించిన నేర్పుకు గిరాకీ తగ్గినంత మాత్రాన ఆ పనివారి గౌరవం తగ్గకూడదు. గౌరవం మనం తీర్చవలసిన రుణం. దానికి వివేకం షరతు కాదు. ప్రామాణ్యం వేరు. అది వయసును బట్టి రాదు, కారణాలను బట్టి వస్తుంది. ఈ రెంటినీ కలిపివేసినందువల్ల, గౌరవించడమంటే ప్రశ్నించకపోవడమనీ, ప్రశ్నించడమంటే అగౌరవమనీ రెండు అపోహలు స్థిరపడ్డాయి.

వయసుతో వివేకం సహజంగా రాదు. వయసు లేకుండా కొన్ని రకాల వివేకం రావడమూ కష్టమే. ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ప్రశ్న దాటిస్తుంది. వృద్ధులను సంభాషణలో నిలిపి ఉంచడం, వారి మాట వినడం, విన్నదాన్ని పరీక్షించడం, పరీక్షలో తేలినదాన్ని వినయంగా తిరిగి వారికి చెప్పడం వారిపట్ల మన కర్తవ్యం. పెద్దలపట్ల గౌరవానికి, పెద్దరికం నిజం కావడానికి కూడా అదే ఆధారం.