తలుపు మీది కాగితం

మా యూనివర్సిటీ హాస్టల్లో ఫ్రెషర్స్ రాత్రి ఓ సీనియర్, భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాణ్ని కుర్చీ ఎక్కించి, "కోయదొరా, జోస్యం చెప్పు" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

"మా ఊళ్లో జోస్యం చెప్పేవాళ్లు లేరన్నా. మా నాన్న పోడు చేస్తాడు. కోయదొరని నేనూ సినిమాల్లోనే చూశా" అన్నాడు వాడు. మళ్లీ నవ్వులు వినిపించాయి గానీ, ఈసారి పలచగా.

తెలుగుకు తోబుట్టువులాంటి భాష మాట్లాడే కోయల్ని నెమలీకల హాస్యపాత్రగా మార్చుకున్నాం మనం. జాతివివక్ష అంటే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మన పిల్లలకు జరిగేది అనుకుంటాం. "అడవి మనిషి" అనడం మాత్రం సరదా! ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఒలింపిక్స్ హాకీ జట్టుకు కెప్టెన్ అయిన ఆదివాసీ నేత జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో నిలబడి, తాను జంగ్లీనని, అందుకు గర్వపడుతున్నానని చెప్పారు. తిట్టును లాక్కుని తలపాగాలా చుట్టుకున్నారాయన. అందరికీ ఆ సభ దొరకదు కదా.

నలుగురిలో అలా అవమానించడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరమే. కానీ కేసు పెట్టినవాడు, నవ్వినవాళ్లందరితో నాలుగేళ్లు ఒకే మెస్సులో తినాలి.

జోస్యం గోల సద్దుమణిగాక "ర్యాంకెంత?" మొదలైంది. ఎస్టీ కోటాలో వచ్చావా అని నేరుగా అడగలేని పెద్దమనుషుల ప్రశ్న అది. కారిడార్లో, బాత్‌రూం క్యూలో, ల్యాబ్‌లో అదే. ఓ ఉదయం చూస్తే వాడి గది తలుపు మీద ఎంసెట్ ర్యాంకు కార్డు, అన్నం మెతుకులతో అంటించి ఉంది. దాని కింద గళ్లు గీసిన తెల్లకాగితం: ర్యాంకు, నాన్న చదువు, కోచింగ్ ఫీజు, ఇంటి నుంచి పాఠం చెప్పే చోటికి దూరం. దారానికి ఓ పెన్ను కూడా కట్టాడు.

మొదటి వరుస వాడిదే. నాన్న చదువు దగ్గర "వేలిముద్ర". ఫీజు దగ్గర గీత. దూరం దగ్గర "62 కి.మీ., వానాకాలం వాగు దాటాక".

వారంలో పదిమంది దాకా నింపారు. సీనియర్ రాయలేదు. నేను నాలుగోవాణ్ని. ర్యాంకు వాడికన్నా మెరుగే, గబగబా రాసేశాను. నాన్న, ఎమ్మెస్సీ. దూరం దగ్గర చెయ్యి ఆగింది. ఇంటర్ రెండేళ్లూ లెక్కల మాస్టారు మా ఇంటికే వచ్చేవారు, అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చేది.

సున్నా వేశాను.