సన్నని సెగ, నిండు పాకము

మితవ్యయము సద్గుణమని పెద్దలందరును చెప్పుదురు. లోభము దుర్గుణమనియు వారే చెప్పుదురు. కాని పైకి చూచినచో ఈ రెండును ఒక్క తీరుననే కానవచ్చును. మితవ్యయము పాటించువాడును కొద్దిగనే ఖర్చు చేయును. లోభియు కొద్దిగనే ఖర్చు చేయును. ఇద్దరి విస్తళ్లలోను పదార్థములు రెండు మూడింటికి మించవు. మరి ఒకని నడవడిని సంయమమనియు, వేరొకని నడవడిని దైన్యమనియు ఏల అనవలెను? ఈ ప్రశ్నకు సమాధానమును వంటయింటిలో వెదకుట మేలు. పొదుపును మానవుడు మొదట నేర్చిన చోటు అదియే.

కొద్దిపాటి నిప్పుతో, నిదానముగ వండుట మన దేశమునకు క్రొత్త కాదు. తెలుగు పల్లెలలో పెరటి దాలిగుంటలో పిడకలు రాజబెట్టి, దానిపై పాలకుండ నుంచెడివారు. అక్కడ మంట లేదు. సన్నని సెగ మాత్రమే. ప్రొద్దుట పెట్టిన పాలు సాయంకాలమునకు ఎఱ్ఱవారి, మందముగ మీగడ కట్టెడివి. వంగదేశమున ఇందుమాధవ మల్లిక్ అను వైద్యుడు 1910లో ‘ఇక్మిక్ కుక్కరు’ను రూపొందించెను. అడుగున కొద్దిగ బొగ్గుల నిప్పు, దానిపై నీరు, ఆ నీటి ఆవిరిలో ఒకదానిపై ఒకటిగ పేర్చిన గిన్నెలు, ఆ గిన్నెలలో బియ్యము, పప్పు, కూర. నిప్పు వేసి వెళ్లిన మనుజుడు తిరిగి వచ్చునప్పటికి భోజనము సిద్ధము.

నేడు పెక్కు దేశముల ఇండ్లలో కనిపించు విద్యుత్తు ‘స్లో కుక్కరు’ చరిత్రయు ఇట్టిదే. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అను నిపుణుడు దీనికి 1940లో పేటెంటు పొందెను. దానికి ప్రేరణ లిథువేనియా దేశమును గూర్చి ఆయన తల్లి చెప్పిన ముచ్చట. విశ్రాంతి దినమున నిప్పు రాజేయరాదని యూదుల నియమము. అందుచేత వారు శుక్రవారము ప్రొద్దు క్రుంకకముందే గింజలు మున్నగువానితో నింపిన కుండను రొట్టెలవాని పొయ్యిలో ఉంచి, మరునాడు ఇంటికి తెచ్చుకొనెడివారు. రాత్రియంతయు ఆ పొయ్యిలో మిగిలిన వేడియే దానిని వండెడిది. నాక్సన్ సంస్థను 1970లో కొన్న రైవల్ సంస్థ 1971లో ఆ పరికరమును ‘క్రాక్‌పాట్’ అను పేరుతో విపణిలోనికి తెచ్చెను.

ఈ మూడింటిలోను మిగిలినది వంటచెరకు మాత్రమే కాదు. మనుష్యుని ధ్యాస కూడ. దాలిపై పాలు పెట్టిన ఇల్లాలు పొలమునకు పోయి రాగలిగెను. ఇక్మిక్ ఉన్న ఒంటరివాడు పొయ్యిని కనిపెట్టుకొని కూర్చుండ నక్కరలేకపోయెను. యూదు గృహిణికి ఒక దినము ప్రార్థనకు దక్కెను.

ఇట్టి వంటలో ఏమి జరుగుచున్నదో విచారింపదగును. సముద్రమట్టమున మూత లేని పాత్రలో నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. మరిగిన పిదప మంట ఎంత పెంచినను నీటి వేడి ఇక పెరుగదు. పెంచిన మంటయంతయు నీటిని ఆవిరిగ మార్చుటకే చెల్లిపోవును. ఒక లీటరు నీటిని మరుగునట్లు చేయుటకు పట్టు వేడికంటె, మరిగిన ఆ నీటినంతటిని ఆవిరి చేయుటకు సుమారు ఆరేడు రెట్లు ఎక్కువ వేడి కావలెను. కావున తెర్లుచున్న కుండ క్రింద మంటను ఎగదోయువాడు పప్పును ఉడికించుట లేదు. గాలిని వేడి చేయుచున్నాడు. ఆ మిగులు మంటను తగ్గించుటయే పొదుపు.

ఐనను నిదానమే సుగుణమని భ్రమింపరాదు. స్లో కుక్కరు 150 వాట్ల విద్యుత్తును ఎడతెగక 8 గంటలు వాడుకొన్నచో 1.2 యూనిట్లు ఖర్చగును. ప్రెషర్ కుక్కరులో ఆవిరి ఒత్తిడిచే వేడి సుమారు 120 డిగ్రీలకు చేరును గనుక కందిపప్పు కొద్ది నిమిషములలోనే ఉడుకును. ఒక్క పప్పు కొరకైనచో అదియే పొదుపు. ఉదయమున పనికి పోయి సాయంకాలమున అలసి వచ్చువానికి, బియ్యము, పెసరపప్పు, ఆనపకాయ ముక్కలు కలిపి వండిన వేడి అన్నము సిద్ధముగ నుండుట లాభమే. ఆతడు అంగడిలో కొని తినుట మానును. ఏది పొదుపో పరికరము చెప్పదు, వివేకము చెప్పవలెను.

ఇక్కడ గీతాపాఠకునకు ఒక సందేహము కలుగవచ్చును. పదునేడవ అధ్యాయమున తామసాహారమును చెప్పునపుడు ‘యాతయామము’ అను మాట కలదు. జాము గడచినది అని దాని అర్థము. అట్లయినచో గంటల తరబడి పొయ్యిపై నుండు అన్నము తామసము కాదా? శంకర భగవత్పాదులు ఆ పదమునకు ‘మందపక్వము’ అని, అనగా సరిగ ఉడుకనిది అని, వ్యాఖ్యానించిరి. ఈ వ్యాఖ్య ననుసరించి చూచినచో దోషము కాలమునందు లేదు. పాకము కొరతపడుటయందు కలదు. సన్నని సెగపై పూర్తిగ పక్వమైనది వేరు, సెగ చాలక సగమే ఉడికినది వేరు. ఐతే పొయ్యి ఆర్పిన పిదప గంటల తరబడి చల్లారనిచ్చిన అన్నము పాడగును గనుక పక్వమైన వెంటనే భుజించుటయే మేలు.

ఈ భేదము ఎంత ముఖ్యమైనదో రాజ్మా గింజలు తెలుపును. ఆ గింజలలో సహజముగనే ఒక విషపదార్థము కలదు. బాగుగ మరిగించినచో అది నశించును. చాలని వేడిలో ఎంతసేపు ఉంచినను నశింపదు. అరకొరగ వేడెక్కిన గింజ పచ్చి గింజకంటెను ఎక్కువ హాని చేయవచ్చును. అందుచేత వానిని నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్త నీటిలో కనీసము 10 నిమిషములు, నిశ్చింత కోరువారు 30 నిమిషములు, తెర్లించిన పిదపనే సన్నని సెగపై పెట్టవలెను. మొదటి మరుగును మిగుల్చుకొనువాడు పొదుపు చేయుట లేదు. ఇంటివారికి విషము వడ్డించుచున్నాడు.

మొదటి ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే కలదు. మితవ్యయము మిగులును తగ్గించును. లోభము అవసరమును తగ్గించును. పాకమునకు పట్టు వేడిని పూర్తిగ ఇచ్చి, గాలిలో పోవు మంటను తగ్గించుట మితవ్యయము. పాకమునకు పట్టు వేడినే కోసివేయుట లోభము. తాను రెండు కూరలకు బదులు ఒక కూరతో తృప్తి చెందుట మితము. పసివాని పాలలో నీరు కలుపుట లోభము. తన విందు మానుకొనుట మితము. వంటమనిషి జీతము తగ్గించుట లోభము. లెక్కల పుస్తకములో ఈ రెండును ఒకే అంకెగ కనిపించవచ్చును. కాని ఒకచోట అన్నము పక్వమైనది. రెండవచోట ఒకరి బ్రదుకు సగముడుకై మిగిలినది.

సాధనయందును ఇట్లే. జపధ్యానములను కొద్దికొద్దిగ, నిదానముగ చేయుదునని చెప్పుకొనువాడు తన నిదానమును పరీక్షించుకొనవలెను. మొదట ఒకమారు వైరాగ్యము నిండుగ మరిగి, ఆ పిదప అభ్యాసము సన్నని సెగవలె ఎడతెగక సాగినచో అది నిదానము. మరుగనే మరుగక గోరువెచ్చగ నుండుట మాంద్యము. మాటిమాటికి మూత తీసి చూచిన కుండలోని వేడి తగ్గి, వంట ఆలస్యమగునట్లు, ఫలము వచ్చెనా అని క్షణక్షణము చూచుకొను చిత్తమును ఆలస్యముగనే పక్వమగును.

మిగిలిన దానిని ఏమి చేయవలెనను విచారము ఒకటి మిగిలియున్నది. మిగిల్చిన పిడికెడు బియ్యము డబ్బాలో పురుగు పట్టినచో వృథావ్యయమునకును దానికిని భేదము లేదు. అది ఆకలిగొన్న వేరొకని కుండలో ఉడికినపుడే పొదుపు సార్థకమగును. మిగిల్చిన గడియయు అంతే. పొయ్యి దగ్గర మిగిలిన ఆ గడియ రోగి పడక ప్రక్కనో, బాలుని పాఠము ప్రక్కనో, భగవంతుని సన్నిధినో గడచినచో, ఆ ఇంటి వంట సాధనమే యగును.