తెగిన తీగ సాక్ష్యము

ఒక వస్తువు కనబడలేదనుటకును, ఆ వస్తువు లేదని తెలిసినదనుటకును గల అంతరము మాటలలో మిక్కిలి స్వల్పముగా తోచినను, ఆ స్వల్పమైన అంతరమును పట్టుకొనియే మన దేశమున మీమాంసకులును, నైయాయికులును, బౌద్ధులును, వేదాంతులును శతాబ్దముల తరబడి వాదించిరి. ఆ వాదమంతయు పండితుల కాలక్షేపమని తలచువారు, పాత కారు నొకదానికి కరెంటు ఫ్యాను బిగించి, దానిని ఇంజను కంప్యూటరునకు అధీనము చేయుటకై తీగలు కలుపుచున్న పనివాని ప్రక్కన ఒక పూట కూర్చుండినచో తమ అభిప్రాయమును తప్పక మార్చుకొందురు. దేవుడు కనబడడు గనుక లేడనువారికిని, లేడని ఎవ్వరును నిరూపింపలేదు గనుక ఉన్నాడనువారికిని నడుమ నేటికిని తీఱని తగవు ఆ తీగలయందు చేతికి తగులును.

ముందు శాస్త్రపు మాట. గదిలోనికి పోయి చూచితిమి. నేలమీద కుండ లేదు. లేదను ఈ యెఱుక మనకు ఏ ప్రమాణమువలన కలిగినది? కన్ను ఉన్నదానిని గదా చూచును, లేమి నెట్లు చూచును? ఏడవ శతాబ్దమున మీమాంసకుడైన కుమారిలభట్టు ఇందులకు సమాధానముగా, ప్రత్యక్షాదులైన ఐదు ప్రమాణములకు తోడు అనుపలబ్ధి యను ఆఱవదానిని నిలిపెను. మీమాంసకులలోనే మఱియొక శాఖవారైన ప్రాభాకరులు అందుకు సమ్మతింపలేదు. అద్వైతులు భట్టుమార్గమునే పట్టిరి. తెలుగువాడని ప్రసిద్ధి గల అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ప్రమాణములు నాలుగే యని చెప్పి, అభావమును సప్తమ పదార్థముగా లెక్కించి, ఆ లేమియు ఒక విధమైన సన్నికర్షముచేత, అనగా ఇంద్రియమునకు విషయముతోడి సంబంధముచేత, ప్రత్యక్షముననే తెలియునని సాధించెను. గెలుపెవరిదను విచారణ మనకిప్పుడు పనిలేదు. ఇరుపక్షములవారును ఒప్పుకొన్న నియమ మొకటి కలదు. అదియే మనకు కావలసినది. కుండ కనబడకపోవుట కుండ లేమికి సాక్ష్యము కావలెనన్నచో, కుండ ఉండినయెడల తప్పక కనబడునట్టి పరిస్థితి యుండవలెను: గదిలో వెలుతురుండవలెను, కన్ను చెడకుండవలెను, కుండయు కంటికి ఆనునంత పరిమాణము కలదై యుండవలెను. చీకటిగదిలో కుండ కనబడలేదన్నవాడు చీకటిని గుఱించి చెప్పుచున్నాడే గాని కుండను గుఱించి యేమియు చెప్పుటలేదు. ఉండినయెడల కనబడదగినది కనబడకపోవుటను యోగ్యానుపలబ్ధి యనిరి. బౌద్ధుడైన ధర్మకీర్తియు, చూడదగిన వస్తువు చూపునకు రానప్పుడే దాని లేమి నిశ్చయమగుననియు, చూపునకు అందని వస్తువు విషయమున అనుపలబ్ధి సంశయమును మాత్రమే మిగుల్చుననియు తీర్మానించెను. ఇంత నిష్ఠురముగా పోరాడిన మతములు ఈ యొక్క చోట కలిసి నిలిచినవనిన, ఆ నియమము ఎంత గట్టిదో ఊహింపవచ్చును.

ఇక ఇంజను. మనవారు తరతరములుగా తిరిగిన అంబాసిడరు కారులో ఫ్యాను నీటిపంపు పుల్లీకి బిగింపబడి, బెల్టుచేత ఇంజనుతో పాటే తిరిగెడిది. వేడి కలదా లేదా యని ఎఱుగవలసిన పనియే దానికి లేదు. 1983 డిసెంబరులో రోడ్డునకెక్కిన మారుతి 800 వంటి కార్లలో ఇంజను అడ్డముగా కూర్చున్నది. పుల్లీ ముఖము రేడియేటరు వైపు గాక ప్రక్కకు తిరిగినది. కావున ఫ్యానునకు వేఱుగా మోటారు కావలసివచ్చెను, మోటారునకు ఎప్పుడు తిరుగవలెనో చెప్పువాడు కావలసివచ్చెను. ఈ పనికి మొదట నియమింపబడినది థర్మో స్విచ్చి. నీరు నిర్ణీతమైన వేడిమికి రాగానే దానిలోని స్పర్శలు కలిసికొనును, ఫ్యాను తిరుగును. చల్లాఱగానే విడిపోవును, ఫ్యాను ఆగును. చూచుటకు ముచ్చటైన యేర్పాటే. కాని దాని మతమేమో చూడుడు. సంకేతము వచ్చినచో వేడి కలదు, రానిచో వేడి లేదు. స్విచ్చి చెడినను, ప్లగ్గు ఊడినను, తీగను ఎలుక కొఱికినను సంకేతము రాదు. రానప్పుడు వేడి లేదనియే దాని నిశ్చయము. కనబడనిది లేనిదే యను చార్వాకుని సిద్ధాంతమును రాగితీగలతో వ్రాసినచో ఇట్లే యుండును. ఆ సిద్ధాంతమువలన ఇంజనులు మరిగి, హెడ్డు గ్యాస్కెట్లు పోయి, బాటప్రక్కన ఆవిరి క్రక్కుచు నిలిచిన కార్లు ఎన్నియో. విసిగిన మెకానిక్కులు స్విచ్చిని తొలగించి, తాళము త్రిప్పగానే ఫ్యాను తిరుగునట్లు ‘డైరెక్టు’ చేసిరి. అనగా తెలిసికొను యత్నమునే మానివేసి అంబాసిడరు కాలమునకు తిరిగిపోయిరి. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

కంప్యూటరునకు ఫ్యానును అప్పగించుట యనగా ప్రధానముగా రెండు తీగల వ్యవహారము. ఒకటి చేయుటకు, ఒకటి తెలియుటకు. చేయుతీగ సులభము. ఫ్యాను మోటారు 20 ఆంపియర్లకు అటునిటుగా కరెంటు లాగును, కదలనారంభించు క్షణమున మఱియు హెచ్చుగా; ఆ భారమును కంప్యూటరులోని చిన్న ట్రాన్సిస్టరు మోయలేదు గనుక నడుమ రిలే నుంచెదరు. బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా లావుతీగ రిలే 30వ కాలికి, 87నుండి ఫ్యానునకు. ఇగ్నిషను కరెంటు 86కు. 85నుండి సన్నతీగ కంప్యూటరునకు. కంప్యూటరు ఆ సన్నతీగను లోలోపల ఎర్తునకు కలుపుట తప్ప వేఱేమియు చేయదు. టక్కుమని రిలే కొట్టును, ఫ్యాను తిరుగును. 96 డిగ్రీలకు వేయుమనియు, 91కి దిగినపిమ్మట ఆపుమనియు రెండంకెల నిచ్చెదరు. ఒకే అంకె నిచ్చినచో రిలే క్షణక్షణము కొట్టుకొని చచ్చును.

తెలియుతీగ కథ వేఱు. కంప్యూటరునకు వేడి యనునది యేమో తెలియదు. సెన్సారు కొనయందలి థర్మిస్టరు, వేడి పెరిగినకొలది నిరోధము తగ్గునట్టి పదార్థము. ప్రసిద్ధమైన ఒక రకము 20 డిగ్రీలయొద్ద 2,500 ఓములుండి, 100 డిగ్రీలయొద్ద 200 లోపునకు దిగును. కంప్యూటరు 5 వోల్టులను ఒక రెసిస్టరు ద్వారా దానికి పంపి, దానిపై నిలిచిన వోల్టేజిని కొలిచి, పట్టికలో సరిచూచుకొని, ఇంత వేడి యని ఊహించును. పొగను చూచి నిప్పును ఊహించు తర్కపాఠమే గాని, ఇందు ప్రత్యక్షము లేశమును లేదు. ఇప్పుడా తీగ తెగినదనుకొందము. నిరోధము అనంతము, వోల్టేజి నిండుగా 5, పట్టికలో ఆ యంకెకు ఎదుట నుండునది మహాశీతము, సాధారణముగ మైనస్ 40 డిగ్రీలు. అమాయకపు కంప్యూటరైనచో ఇంజను మంచుగడ్డ యైనదని నిశ్చయించి, ఫ్యానును ఆపి, చలికి విఱుగుడుగా అధికముగ పెట్రోలు పోయుచు, నీరు కుతకుత ఉడుకుచుండగా నిశ్చింతగా నుండును.

విజయవాడ ఆటోనగరులో ఒక వేసవి మధ్యాహ్నమున, ఒక ఆటో ఎలక్ట్రీషియను తన శిష్యునకు స్కానరు తెరను చూపుచుండగా నేను దగ్గఱనే యుంటిని. కూలెంటు వేడిమి మైనస్ 40 అని తెరపై నిలిచియున్నది. “ఏం అర్థమైందిరా?” అని గురువు. “ఇంజను చల్లగా ఉందన్నా,” అని కుఱ్ఱవాడు. “బెజవాడలో, మే నెలలో, మైనస్ 40 ఏంట్రా! ముందు ప్లగ్గు పీకి చూడు.” పీకి చూడగా రెండు కాళ్ళలో నొకటి పచ్చని చిలుము పట్టి లోనికి జాఱియున్నది. గుడ్డతో తుడిచి, సూదితో ముందుకు లాగి, మరల గ్రుచ్చినంతనే తెరపై అంకె 88కి ఎగిరెను. ఆ గురువు వేసినది అచ్చముగ యోగ్యతాప్రశ్నయే: ఈ సాక్షి ఇట్లు చెప్పుచున్నాడు సరే, సాక్ష్యము చెప్పదగిన స్థితిలో ఉన్నాడా? కంపెనీలు అమర్చు కంప్యూటర్లు పెక్కింటికి ఈ ప్రశ్నను ముందే నేర్పి పంపుదురు. నమ్మశక్యముగాని చలి తెలిసినప్పుడు అవి దానిని చలిగా గ్రహింపక, తమ యెఱుక తెగినదని గ్రహించి, పి0118 అను దోషసంకేతమును వ్రాసికొని, ఫ్యానును త్రిప్పియే యుంచును. లేమిని గుఱించిన జ్ఞానమును, జ్ఞానము యొక్క లేమిని వేఱుపఱచుట యనగా ఇదియే.

మిథిలావాసియైన ఉదయనాచార్యుడు సుమారు వేయి సంవత్సరముల క్రిందట న్యాయకుసుమాంజలి తృతీయ స్తబకమున నాస్తికుని పట్టినది ఈ జుట్టే. ఈశ్వరుడు కనబడలేదు గనుక లేడందువా? కనబడదగిన వస్తువు కనబడనప్పుడు గదా లేదనవలెను. ఈశ్వరుడు కంటికి విషయమని ఎవరు చెప్పిరి? కనబడనంతమాత్రమున లేదనుట నీ నియమమైనచో, నీవు ఇల్లు విడిచి వీథిలోనికి రాగానే నీ ఆలుబిడ్డలు నీకు కనబడరు గదా, వారు లేకపోయిరని గుండెలు బాదుకొని యేడ్వవలసినదే గదా యని ఆయన పరిహసించెను. తర్కగ్రంథములలో నవ్వు పుట్టించు చోట్లు తక్కువ; ఇది యొకటి. ఈ భాగమున ఉదయనుడు గెలిచెననియే నా తీర్పు. నాస్తికుడు ఈశ్వరుని లేమిని నిరూపింపదలచినచో వేఱు యుక్తులు వెదకుకొనవలెను; కనబడలేదను యుక్తి చెల్లదు.

అయితే ఆస్తికులు ఇంతటితో కొబ్బరికాయ కొట్టనక్కఱలేదు. తెగిన తీగ చలిని చెప్పలేకపోయినట్లే వేడిని సైతము చెప్పజాలదు. లేడని నిలువలేదు గనుక ఉన్నాడనుట చార్వాకుని తప్పునే తలక్రిందుగా చేయుట. ఉదయనునకు ఇది తెలియును. కనుకనే తృతీయ స్తబకముతో ఆగక, కార్యమును బట్టి కర్తను సాధించు యుక్తులకై పంచమ స్తబకమును వ్రాసెను. ఆ యుక్తులు ఆయన నిరాకరణమంత పదునుగా నాకు తోచవు.

ఇంతకంటె చిక్కైన సంగతి యింకొకటి కలదు. తీగ తెగలేదు, సెన్సారు చెడలేదు. కాని రబ్బరు గొట్టము చిట్లి కూలెంటు కాఱిపోయినది. నీటిలో మునిగియుండవలసిన సెన్సారు కొన ఇప్పుడు గాలిలోనో ఆవిరిలోనో వ్రేలాడుచున్నది. దానిచుట్టు లోహము కాలిపోవుచున్నను అది చూపు అంకె వాస్తవమునకు మిక్కిలి తక్కువగా నుండవచ్చును. మైనస్ 40 వంటి అసంభావ్యమైన అంకె గాదు. 85, 90 వంటి సాధువైన, ఎవరికిని అనుమానము రాని అంకె. ఇంద్రియము బాగున్నది, విషయము లేదు, సన్నికర్షము తప్పినది. ఇట్టి చోట యోగ్యతను పరీక్షించుట ఎట్లు? కంప్యూటరు చేయలేదు. డ్రైవరు ముక్కునకు తగులు తియ్యని కూలెంటు వాసనయో, బానెట్టు అంచున లేచు ఆవిరియో చెప్పవలసినదే. అనగా వేఱొక ప్రమాణము కావలెను. నా జీవితమున దైవమును సూచించునది యేదియు తారసపడలేదని శాంతముగా చెప్పు సజ్జనుని మాటయు, నాకు ప్రతి ప్రాతఃకాలమున ఆయన సాన్నిధ్యము తెలియుచున్నదని అంతే శాంతముగా చెప్పు భక్తుని మాటయు ఈ కోవలోనివే కావచ్చును. ఎవరి సెన్సారు నీటిలో నున్నదో, ఎవరిది ఆవిరిలో నున్నదో వారివారి అంకెలనుబట్టి చెప్పలేము. అనుభవమే ప్రమాణమని ఇరువైపులను గొంతెత్తువారికి నేను చెప్పగలిగిన దింతే.

ఇక సంశయమున నడత యెట్లుండవలెను? కంప్యూటరు మార్గము స్పష్టము. తెలియనప్పుడు ఫ్యానును త్రిప్పును. నష్టము కొంచెము కరెంటు, కొంచెము పెట్రోలు. త్రిప్పకున్నచో హెడ్డు వంగిపోవును. కాని ఇక్కడ జాగ్రత్తగా గమనింపవలసినదేమన, ఫ్యాను తిరుగుచున్నది గనుక ఇంజను వేడిగా నున్నదని కంప్యూటరు ఎన్నడును వ్రాసికొనదు. తెలియదనియే వ్రాసికొని, తెలియకయే నడచును. ఉన్నాడో లేడో నాకు తేలలేదు నాయనా, అనుచునే సంధ్యవేళకు దీపము వెలిగించు పెద్దవారు మన యిండ్లలో ఉండిరి, ఇప్పటికిని ఉన్నారు. దానిని కపటమనువారు వారికి అన్యాయము చేయుచున్నారు. ఆ దీపమును చూపి దైవమున్నాడనుటకు ఋజువనువారు మఱింత అన్యాయము చేయుచున్నారు.

తర్కమునందు అభిరుచి గల చదువరులు కుసుమాంజలి పంచమ స్తబకమునకు దుముకక తృతీయమును ముందు శ్రద్ధగా చదువుదురుగాక. కారులో ఇట్టి పని క్రొత్తగా చేయించుకొన్నవారు డబ్బులిచ్చుటకు పూర్వము ఒక్క పరీక్ష చేయింపుడు: ఇంజను నడుచుచుండగా కూలెంటు సెన్సారు ప్లగ్గు పీకించి చూడుడు. ఫ్యాను తిరుగనారంభించినచో సరి. ఉలుకు పలుకు లేక నిలిచియున్నచో, ఆ పని ఇంకను పూర్తి కాలేదు.