అస్పృశ్యతకు నిర్వచనము

1950 జనవరి 26వ తేదీన అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను. కాని యది యెట్టిదో నిర్వచింపలేదు. 1955 నాటి శాసనమును నిర్వచింపక, గుడి, బావి, హోటలు మున్నగు తావుల నిషిద్ధములైన చేతలను మాత్రము పేర్కొనెను. ఇది లోపమని కొంద రందురు. మేమట్లు తలంపము.

పరకాలలో నొక హోటలువాడు షెడ్యూల్డు కులస్థునికి వేఱుగ్లాసు పెట్టి, “ఇది శుభ్రతకొఱకే” యనె ననుకొందము. వాని మనస్సులోని మాటను పట్టియిచ్చు నిర్వచన మెక్కడ దొరకును? కావుననే యా శాసనపు 12వ సెక్షను, అట్టి నేరము అస్పృశ్యతవలననే జరిగెనని న్యాయస్థానము భావింపవలెననియు, కాదని నిరూపించు భారము చేసినవానిదే యనియు విధించినది.

శాసన మింతవఱకు చేసినది. ఆ వేఱుగ్లాసును కన్నులార చూచియు, మన టీ మనము త్రాగి లేచివచ్చు మనకు ఇంకే నిర్వచనము కావలయును?