ముగింపు కొరకు కనిపెట్టుట

కల్పించిన కథ ఎట్లు ముగియునో అని మనుష్యుడు దినములు లెక్కించుట తగునా? ఆ ముగింపు దగ్గరపడిన కొలది సంతోషముతో పాటు దిగులును పొందుట తగునా? ఈ ప్రశ్న మన గ్రామ సంఘములలో పెద్దలకును పిన్నలకును మధ్య అప్పుడప్పుడు లేచుచున్నది. "అది తెరమీద బొమ్మలాట. లేనివారి కొరకు ఏడ్చుట యేమి?" అని పెద్దలు అందురు. పిల్లలు మారు పలుకక ఊరకుందురు. అయితే వారి మనస్సు మారదు. ఇట్టి మౌనము ఇంటికైనను సంఘమునకైనను మేలు చేయదు గనుక, ఈ సంగతిని మనము నిదానముగా ఆలోచింపవలెనని కోరుచున్నాము.

మన తెలుగువారిలో దీనికి అందరెరిగిన నిదర్శనము కలదు. 2015 జూలై 10న 'బాహుబలి' చలనచిత్రపు మొదటి భాగము విడుదలైనది. దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి, కథ ఆయన తండ్రి వి. విజయేంద్రప్రసాద్ వ్రాసినది. ఆ చిత్రములో చూపిన మాహిష్మతి రాజ్యము కల్పితమైనది; ఆ రాజులును లేరు, ఆ యుద్ధమును జరుగలేదు. అయితే ఆ భాగము చివర, సింహాసనమునకు తరతరములుగా కట్టుబానిసయైన కట్టప్ప, తనను మామా అని పిలిచిన బాహుబలిని తానే చంపితినని చెప్పును. అక్కడితో ఆట ముగిసెను. ఎందుకు చంపెనో చెప్పు రెండవ భాగము 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. నడుమ 658 దినములు గడచెను.

ఆ దినములన్నియు ఆ ఒక్క ప్రశ్న దేశమంతట తిరిగెను. విశాఖపట్టణమువంటి పెద్ద ఊరిలో, సినిమాహాలు పేరే కూడలి పేరైపోయిన జగదాంబ దగ్గరను, ఓడరేవు గేటు ముందర టీ బడ్డీల దగ్గరను, గాజువాక బస్సులలోను, పండుగ సెలవుకు పల్లెకు వచ్చిన పిల్లల నోటను అదే మాట. సెల్‌ఫోన్లలో అదే హాస్యము. సినిమా చూడని ముసలమ్మకు కూడ కట్టప్ప పేరు తెలిసెను.

ఇది మనవారికి మాత్రమే వచ్చిన వెర్రి యని తలంపవద్దు. హారీ పాటర్ అను మాంత్రిక బాలుని కథ 2001 మొదలు 2011 వరకు ఎనిమిది చిత్రములుగా వచ్చినప్పుడు, మొదటి చిత్రమునకు బడిపిల్లలైనవారు చివరి చిత్రమునాటికి పెద్దవారై, తమ బాల్యమే ముగిసినదన్నట్లు కన్నీరు కార్చిరి. అంతకు ఎంతో ముందు, 1841లో, ఇంగ్లండు రచయిత చార్లెస్ డికెన్సు నెల్ అను చిన్నదాని కథను భాగములుగా ప్రచురించుచుండగా, న్యూయార్కు రేవులో జనులు గుంపుగూడి, ఇంగ్లండు నుండి వచ్చిన ఓడవారిని "నెల్ బ్రదికియున్నదా?" అని కేకవేసి అడిగిరని చెప్పుకొనుట కలదు. రేవు ఎరిగినవారికి ఆ ఆత్రము సులభముగా బోధపడును. ఓడ కనబడును గాని రేవులోనికి రాదు. వార్త ఉన్నది గాని మనకింకను అందలేదు.

పెద్దల ఆక్షేపణలో న్యాయము కొంత గలదు. మొదటి ఆట టిక్కెట్టు కొరకు వారము కూలి ఖర్చుపెట్టి ఇంట బియ్యము లేకుండ చేయుట తప్పు. పసిపిల్లలకు దొరకని పాలను నటుని కటౌటుమీద పోయుట తప్పు. ఒక నటుని పేర రెండు గుంపులై కొట్లాడుట మరియు తప్పు. మనుష్యునికి చెందరాని ఘనతను మనుష్యునికి ఇచ్చినచో అది విగ్రహమగునని మనము ఎరుగుదుము. వీటిని గూర్చి మందలింపవలసినదే.

అయితే కల్పితకథ విని కంట నీరు పెట్టుట వేరు సంగతి. నాతాను దావీదు నొద్దకు వచ్చినప్పుడు ఏమి చేసెను? ధర్మశాస్త్రము విప్పి చదువలేదు. ఒక బీదవానికి ఒక్కటే గొఱ్ఱెపిల్ల యుండెననియు, ధనవంతుడు దానిని పట్టుకొనిపోయెననియు కథ చెప్పెను (2 సమూయేలు 12). ఆ బీదవాడును లేడు, ఆ గొఱ్ఱెపిల్లయు లేదు. అయినను రాజు కోపముతో మండిపడెను. లేని బీదవాని కొరకు మండిన ఆ హృదయము ద్వారముననే, ఉన్న ఊరియా కొరకైన సత్యము లోపల ప్రవేశించెను. దావీదు ఆ కథ విని నవ్వి ఊరకున్న యెడల నాతాను చేతిలో మరి యే సాధనముండెను? కాబట్టి కథకు కరగు మనస్సు బలహీనమైనదని మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. కరగనిదానినే చూచి భయపడవలెను.

ఇక ఆ ప్రశ్ననే తీసికొందము. కట్టప్ప ఎందుకు చంపెను? రెండవ భాగములో వచ్చిన జవాబు హాస్యమైనది కాదు. బిజ్జలదేవుడును అతని కుమారుడును పన్నిన అబద్ధమును రాజమాత శివగామి నమ్మెను. రెండవ పక్షము వినలేదు. చంపుమని ఆజ్ఞ ఇచ్చెను; నీవు చంపనియెడల నేనే చంపెదననెను. కట్టప్ప ఏడ్చుచు, సింహాసనమునకు తన వంశమిచ్చిన మాట చొప్పున, నిర్దోషియని తాను ఎరిగినవానిని వెనుకనుండి పొడిచెను. సత్యము తెలిసి శివగామి కుమిలిపోయెను గాని, చనిపోయినవాడు తిరిగి రాలేదు.

ప్రియులారా, 658 దినములు మనము వేడుకగా అడిగిన ప్రశ్న లోపల ఇంత బరువున్నది. పైవాని ఆజ్ఞ యైనంత మాత్రమున అన్యాయము న్యాయమగునా? ఇచ్చిన మాట నిలుపుకొనుటకై నిర్దోషిని చంపవచ్చునా? హేరోదు కూడ విందులో ఒట్టుపెట్టుకొన్నందుననే, దుఃఖపడుచునే, యోహాను తల తెప్పించెను. దావీదు పంపిన ఉత్తరము చదివి, ఊరియాను యుద్ధము మిక్కుటముగా నున్న చోట నిలువబెట్టినవాడు యోవాబు. కట్టప్ప ఎందుకు చంపెనని అంతగా అడిగిన మనము, యోవాబు ఎందుకు ఆ పని చేసెనని ఎన్నడైన అడిగితిమా? సౌలు రాజు యాజకులను చంపుడని చెప్పినప్పుడు అతని సేవకులు చేయి ఎత్తకపోయిరి (1 సమూయేలు 22). వారి పేరులు గ్రంథములో లేవు. వారు కూడ సింహాసనమును కొలిచినవారే. అయినను చేయి ఎత్తలేదు.

ఇది రాజుల సంగతియని త్రోసివేయవద్దు. ఊరి పెద్ద చెప్పెనని ఒక కుటుంబమును కట్టుబాటుచేసి నీళ్లకు రానియ్యకపోవుటలో మన చేయి లేదా? మేస్త్రి చెప్పెనని కూలి లెక్కలో తక్కువ వ్రాయువాడును, ఒక పక్షము మాట మాత్రమే విని కోడలిని ఇల్లు వెడలగొట్టు అత్తయు మనలో లేరా? తెరమీద ఆ కత్తిని చూచి ఏడ్చినవారు ఈ చిన్న కత్తులను గుర్తుపట్టిన యెడల, ఆ ఏడ్పు వ్యర్థము కాలేదు.

అయితే ఇక్కడనే ఒక విచారకరమైన సంగతి కలదు. జవాబు దొరకకమునుపు అందరు అడిగిరి; దొరికిన తరువాత కొద్ది దినములకే ఆ మాట మాట్లాడువారు లేకపోయిరి. అనగా మనకు కావలసినది సత్యము కాదు, దాచినది బయటపడుట మాత్రమే. ముడి విప్పబడగానే దారమును పారవేసితిమి. కథలయందు మాత్రమే గాక గ్రంథమునందును మనమట్లే చేయుచున్నామేమో పరీక్షించుకొనవలెను. ముగింపు తెలిసినదని మూసివేసిన పుస్తకములు మన యిండ్లలో ఎన్ని యున్నవి?

ప్రభువు కథలు చెప్పిన విధము దీనికి వేరుగా నున్నది. తప్పిపోయిన కుమారుని ఉపమానములో పెద్ద కుమారుడు వాకిట నిలిచియున్నాడు, తండ్రి బ్రతిమాలుచున్నాడు, వాడు లోపలికి వెళ్లెనో లేదో వ్రాయబడలేదు (లూకా 15). యోనా గ్రంథము ఒక ప్రశ్నతోనే ముగియును. ఈ కథలకు రెండవ భాగము రాదు. విన్నవాడే తన నడవడితో దానిని ముగింపవలెను.

మరియు, కనిపెట్టుట రెండు విధములుగా నుండును. సినిమా ముగింపు ముందుగానే మరియొకరు వ్రాసిపెట్టినది. దాని తేదీ గోడమీద అంటించబడును. చూచువాడు చేయవలసిన పని ఏదియు లేదు. మన ఊళ్ల యొక్కయు మన బ్రదుకుల యొక్కయు కథలట్టివి కావు. విశాఖపట్టణమునే చూడుడి. 1805లో లండన్ మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు ఆ పట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, సువార్తలను మన భాషలోనికి తెచ్చుటకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను కన్నుమూసిరి. తెలుగు బైబిలు పూర్తియగుట వారు చూడలేదు. నేడు మన బల్లమీద నున్న గ్రంథము, తాము ముగింపు చూడని పనిని చేసినవారి వలన మనకు చేరినది.

ఉక్కు కర్మాగారము సంగతియు అట్టిదే. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జరిగిన ఆందోళనలో 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. కర్మాగారము జాతికి అంకితమైనది 1992 ఆగస్టు 1న. ఆ చనిపోయినవారిలో ఒక్కడైనను కొలిమి మంట చూడలేదు. భూములిచ్చిన గ్రామముల నిర్వాసితులలో ఉద్యోగము కొరకు ఆర్ కార్డు చేతబట్టుకొని ముసలివారైనవారు కలరు. 2021 జనవరిలో కర్మాగారము నమ్మివేయుటకు కేంద్ర ప్రభుత్వము సూత్రప్రాయముగా ఒప్పుకొనగా కార్మికులు కూర్మన్నపాలెములో దీక్షలకు కూర్చుండిరి; 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడెను. వారికి ముగింపు తేదీ ఏ గోడమీదను అంటింపబడలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో, వాగ్దానఫలమును అనుభవింపక, దూరమునుండి చూచి మృతినొందినవారిని గూర్చి చదువునప్పుడు ఇట్టివారిని కూడ మనము తలంచుకొనవలెను.

ఇంకొక మాట, ఇది పెద్దలకు. ప్రభువు రాకడ కొరకు కనిపెట్టుచున్నామని చెప్పుకొని పని మానినవారు థెస్సలొనీకలో ఉండిరి. పని చేయనివాడు భోజనము చేయకూడదని పౌలు వారికి వ్రాసెను (2 థెస్సలొనీకయులకు 3). యుద్ధవార్త వచ్చినప్పుడెల్ల ప్రకటన గ్రంథము తెరచి తేదీలు లెక్కించుచు, ప్రక్కయింటి విధవరాలి కప్పు కారుచున్నదో లేదో చూడనివాడు, సినిమా తేదీ లెక్కించు కుఱ్ఱవానికంటె ఏ విషయములో మేలైనవాడు? ఇద్దరును ముగింపు చూడగోరుచున్నారు. ఇద్దరును నడుమనున్న దినములను ఊరక గడుపుచున్నారు.

కాబట్టి యౌవనస్థులతో మేము చెప్పునదేమనగా: కథను ప్రేమించుడి, వెల లెక్క చూచుకొనుడి, నటుని నటునిగానే ఉంచుడి, చూడనివానికి ముగింపు చెప్పి వాని ఆనందము చెడగొట్టకుడి. కథ ముగిసినప్పుడు వచ్చు దిగులునకు సిగ్గుపడవద్దు. మంచి స్నేహితులను విడిచినప్పుడు మనస్సు ఖాళీయగుట సహజమే. ఆ ఖాళీని మరియొక సినిమాతో వెంటనే నింపుకొనక, అది మీలో ఏమి అడుగుచున్నదో కొంత సేపు వినుడి. న్యాయము గెలువవలెనని అంతగా కోరినది మీ హృదయమే గదా. అది మీ వీధిలో గెలుచుటకు మీరేమి చేసితిరి?

పెద్దలతో చెప్పునదేమనగా: గద్దింపక ముందు అడుగుడి. "ఆ కథలో నీ కెవరు నచ్చిరి? ఎందుకు నచ్చిరి?" అని పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడి. నాతాను కథ చెప్పి రాజు హృదయము తెరచెను. మీ పిల్లలకు కథ ముందే చెప్పబడియున్నది. తెరచిన హృదయమును మాటలాడించుటయే మీ పని.

ముగింపు దేవుని చేతిలో నున్నదని నమ్మువారమైన మనకు, నడుమనున్న దినములు మన చేతికి ఇయ్యబడినవి. మన ఊరిలో ఏండ్ల తరబడి ఒక వార్త కొరకు కనిపెట్టుచున్న ఇల్లు ఏది? దూర దేశమునకు వెళ్లిన కుమారుని జాబు కొరకో, కోర్టు తీర్పు కొరకో, భూమి పట్టా కొరకో వాకిట కూర్చున్నవారెవరు? ఈ నెలలో వారి గుమ్మము ఎక్కి, వారి కథ వినుదము. అట్టి మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక.