సత్కార పరీషహము

తాను వ్రాసినది పదిమంది కంటబడవలెనని కోరుట ధర్మమునకు విరోధమా, కాదా యని తర్కించువారు సాధారణముగా గీతను స్మరించి, ఫలాపేక్ష కూడదని ఒక్కమాటతో వాదము ముగింతురు. నాకు మాత్రము ఈ ప్రశ్న తలపునకు వచ్చినపుడెల్ల కరీంనగరము జిల్లా గంగాధర మండలమునందలి కురిక్యాల చెంత గల బొమ్మలగుట్ట జ్ఞప్తికి వచ్చును.

వేములవాడ చాళుక్యుల యేలుబడిలో, సుమారు క్రీ.శ. 945 ప్రాంతమున, జినవల్లభుడను జైనుడు ఆ గుట్ట రాతిపై తీర్థంకరుల ప్రతిమలను, చక్రేశ్వరీదేవి మూర్తిని చెక్కించి, సంస్కృత కన్నడాంధ్ర భాషలలో శాసనము వ్రాయించెను. ఆతని యన్న పంపమహాకవి. రెండవ అరికేసరి యాస్థానమున 941లో విక్రమార్జున విజయమును రచించి, కన్నడమునకు ఆదికవియై, ధర్మపురమును అగ్రహారముగా బడసినవాడు. అన్నకు రాజే శ్రోత. తమ్ముని పద్యములకు గుట్టయెక్కిన బాటసారియే దిక్కు.

శాసనమునందలి తెలుగు కందములలో నొకటి జినాలయములు నిర్మించుట, పూజలు సల్పుట, మునులకన్నమిడుట యను సత్కార్యములను పేర్కొని, వీనియందు జినవల్లభునకు సాటి యెవ్వరని ప్రశ్నించును. ఇందులో వినయమేమియు లేదు. ఆతడు కీర్తిని కోరినాడు. ఆ కోరికను దాచుకొనను లేదు.

అయినను ఆతని మతము ఆ కోరికకు ఎచట చోటిచ్చినదో గమనింపదగును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము తొమ్మిదవ అధ్యాయమున, మార్గమునుండి జారిపోకుండుటకును కర్మక్షయమునకును సాధకుడు సహింపవలసిన పరీషహములు 22 చెప్పబడినవి. ఆకలి, దప్పి, చలి, ఎండ, దోమకాటు, కోరినది లభింపకుండుట మున్నగువాని వరుసలోనే సత్కార పురస్కారమనునదియు గలదు. మన్నన దొరకినపుడు పొంగక, దొరకనపుడు క్రుంగకుండుట దాని భావము. ఈ వరుసలో నాకు గొప్ప దయ కనబడుచున్నది. దోమ కుట్టలేదని బుకాయించుట ఓర్పు కాదు గదా! గుర్తింపు లేమి నిజముగనే బాధించును; బాధించుచుండగనే చేయుపని మానకుండుట సాధన.

నన్నయకు నూరేండ్లకు పైగా పూర్వపువైన ఆ కందములు, 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన సందర్భమున ముఖ్యసాక్ష్యములలో నిలిచినవి. దీనిని జూపి, ఎప్పటికైనను లోకము చూడకపోదని క్రొత్త రచయితలనూరడించు పెద్దలున్నారు. ఆ యూరడింపు నాకు రుచింపదు. అది ఆశను విడిపించుట కాదు, గడువు పొడిగించుట మాత్రమే. వేయేండ్ల పిమ్మటి మన్నన జినవల్లభుని చెవిని పడలేదు. కరీంనగరము చుట్టుపట్ల ఎన్నో గుట్టలు గ్రానైటు పలకలై ఓడలెక్కినవి. ఇదియు వానితోబాటే పోయియుండిన, ఆతని శ్రమ వ్యర్థమనుటకు మనకు నోరాడునా?

ఆతడు బసది యను జినాలయముతోబాటు ఒక చెరువును గూడ నిర్మించి, దానికి అన్న బిరుదమైన కవితాగుణార్ణవమను పేరుంచెను. ఆ నీరు త్రావినవారిలో ఎందరు గుట్టయెక్కి పద్యము చదివిరో ఆతడు విచారించియుండునని నేననుకొనను.